చిల్లపెంకు సాక్ష్యం

మన చరిత్ర పుస్తకాలు ఎక్కువగా రాజులతో మొదలై రాజులతో ముగుస్తాయి. శాసనం వేయించినవాడి పేరు నిలిచింది. నాణెం ముద్రించినవాడి బొమ్మ నిలిచింది. కుండలో అన్నం వండుకుని తిని, అది పగిలితే పెంటదిబ్బ మీద పారేసి, సంతలో ఇంకో కుండ కొనుక్కున్న సామాన్యుడి జాడ ఏమీ మిగలలేదని అనుకుంటాం. అతని జాడ కూడా మిగిలింది. అతను పారేసిన ఆ చిల్లపెంకే అతని జాడ.

బంగారం దొరికితే కరిగిస్తారు. రాగిని, ఇనుమును మళ్లీ పోత పోస్తారు. కర్రను చెద తింటుంది, తాటాకు చివికిపోతుంది. పాత గుడి రాళ్లు కొత్త ఇళ్ల పునాదుల్లోకి చేరతాయి. పగిలిన కుండ పెంకును మాత్రం ఎవరూ పట్టుకుపోరు. పైగా ఆవంలో కాలిన మట్టి తిరిగి మన్నులో కలవదు. రెండువేల ఏళ్లు నేలలో ఉన్నా పెంకు పెంకుగానే ఉంటుంది. అందుచేత పురావస్తు శాస్త్రజ్ఞులు నిధినిక్షేపాల కంటే పెంకుల మీదే ఎక్కువ ఆధారపడతారు.

ఈ పెంకులు చదివే విద్య బాగా ముదిరిన చోట్లలో బ్రిటన్ ఒకటి. అక్కడి రోమన్ ఊళ్లను తవ్వి నేర్చుకున్న పద్ధతి 1945లో బంగాళాఖాతం ఒడ్డుకు వచ్చింది. దానితో తేల్చుకున్న కాలాల లెక్క కొన్నేళ్లలోనే కళింగ తీరానికి, వంశధార ముఖద్వారానికి చేరింది. వంశధార మన గుణుపురం పక్కనుంచి సాగే ఏరు కాబట్టి ఆ ప్రయాణం కథ మనం తెలుసుకోదగినది. ఆ విద్యతోపాటు మన గురించి ఒక పొరపాటు అభిప్రాయం కూడా దిగుమతి అయింది. అది ఎలా పుట్టి ఎలా తొలగిందో తెలుసుకోవడం ఇంకా అవసరం.

తగలబడిన ఊళ్లు, పగిలిన గిన్నెలు

క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి కాలంలో రోమన్ సైన్యం బ్రిటన్‌లో దిగింది. సుమారు 410 నాటికి అక్కడ రోమన్ పాలన ముగిసింది. ఈ మధ్య మూడున్నర శతాబ్దాలకు పైగా కాలంలో రాళ్లు పరిచిన రహదారులు, సైనిక స్థావరాలు, స్నానశాలలు, ప్రాకారాలున్న పట్టణాలు వెలిశాయి. రోమన్లు పోయాక వాటిలో కొన్ని పట్టణాలు పాడుపడి పొలాలైపోయాయి. సిల్చెస్టర్ అలాంటిది. లండన్‌లోని సొసైటీ ఆఫ్ యాంటిక్వేరీస్ వారు 1890 నుంచి 1909 వరకు ఆ పట్టణం ప్రాకారం లోపలి భాగాన్ని దాదాపు అంతటినీ తవ్వించారు. వీధులు ఎటు పోయాయో, ఏ ఇంటికి ఎన్ని గదులో పటం గీయగలిగారు. కానీ ఏ గోడ ముందు కట్టారు, ఏ గోడ తరువాత కట్టారు అంటే జవాబు చెప్పలేకపోయారు. గోడ కనిపిస్తే దాని వెంబడి తవ్వుకుంటూ పోవడమే ఆనాటి పద్ధతి. నేలలో ఒకదాని మీద ఒకటి ఉన్న పొరలను వారు పట్టించుకోలేదు.

పొర అంటే ఏమిటో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. 1980 సెప్టెంబరులో వంశధార పొంగినప్పుడు ఏటి ఒడ్డు ఊళ్ల మీద ఒండ్రు ఎలా పరుచుకుందో పెద్దలకు గుర్తుంటుంది. ఏదైనా పెరట్లో ఆ మేట కదలకుండా ఉందనుకుందాం. దాని కింద దొరికిన వస్తువు 1980కి ముందుది. దాని పైన దొరికినది తరువాతది. మధ్యలో ఎవరైనా ఆ మేటను చీల్చుకుంటూ గొయ్యి తవ్వి ఉంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. పై వస్తువు కిందికి జారిపోతుంది. కనుక గోతి అంచును మట్టి రంగు తేడాతో పసిగట్టడం కూడా ఆ విద్యలో భాగమే. పొరలను చదవడమంటే ఇంతే. చెప్పడం తేలిక, చేయడానికి ఓపిక కావాలి.

బ్రిటన్‌లో ఇలాంటి గుర్తు పొర ఒకటి నీటివల్ల కాక నిప్పువల్ల ఏర్పడింది. క్రీ.శ. 60–61లో ఐసీని తెగ రాణి బౌడికా రోమన్ల మీద తిరగబడింది. ఆమె సేనలు కోల్చెస్టర్, లండన్, వెరులేమియం (ఇప్పటి సెయింట్ ఆల్బన్స్) పట్టణాలను తగలబెట్టాయి. ఆ ఊళ్లలో ఎక్కడ లోతుగా తవ్వినా కాలిన ఎర్రమట్టి, బొగ్గు కలిసిన పొర తగులుతూనే ఉంటుంది. కోల్చెస్టర్‌లో ఆ మంటల్లో ఒక గిన్నెల దుకాణమే కాలిపోయింది. అమ్మకానికి పెట్టిన సరుకు మసిబారి దొరికింది. ఆ కుమ్మరికి, ఆ వర్తకుడికి జరిగిన నష్టం చరిత్రకు లాభమైంది. ఏ తీరు గిన్నెలు ఆ సంవత్సరంలో వాడుకలో ఉన్నాయో దానివల్ల తేలింది.

ఆ దుకాణంలోని మేలురకం గిన్నెలను సేమియన్ అంటారు. ఎర్రగా నిగనిగలాడతాయి. మొదట దక్షిణ ఫ్రాన్సులోని లా గ్రౌఫెసెంక్‌లో, తరువాత లెజూలో వేల సంఖ్యలో చేసి ఓడల మీద పంపేవారు. చాలా గిన్నెల అడుగున చేసిన కుమ్మరి తన పేరు ముద్ర వేసేవాడు. ఏ కుమ్మరి ఎప్పుడు పని చేశాడో జాబితాలు తయారయ్యాయి. దానితో అరంగుళం పెంకు చేతికొచ్చినా, ముద్ర ఉంటే ఆ పొర కాలాన్ని ఇరవై ముప్పై ఏళ్ల తేడాలో చెప్పగలుగుతున్నారు.

అయితే బ్రిటన్‌లో దొరికే రోమన్ కాలపు పెంకుల్లో ఎక్కువ భాగం బయటినుంచి వచ్చినవి కావు. ఆ దేశం కుమ్మరులు చేసినవే. డోర్సెట్ ప్రాంతంలో రోమన్లు రాకముందు నుంచీ చేస్తున్న నల్లని మెరుగు కుండలను రోమన్ సైన్యమే కొనుక్కుంది. ఎక్కడో ఉత్తరాన హాడ్రియన్ గోడ దగ్గర కాపలా కాసే సిపాయిలు కూడా వాటిలో వండుకున్నారు. ఈ విషయం మనం గుర్తు పెట్టుకోవాలి. రోమన్ కాలంలో చేసిన కుండ అంటే రోమన్లు చేసిన కుండ అని అర్థం కాదు.

అక్కడి తవ్వకాల్లో మన దేశం జాడ కూడా ఉంది. హాడ్రియన్ గోడకు దగ్గరలోని విండోలాండా కోటలో 1973లో పల్చని చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు, పద్దులు బయటపడడం మొదలైంది. అవి సుమారు క్రీ.శ. 100 నాటివి. వాటిలో ఒక పద్దులో ఒకడి పేరుకు ఎదురుగా మిరియాలు, రెండు దీనారియస్‌లు అని రాసి ఉంది. ఆ మిరియాలు పండేది మలబారు తీరంలో. 1992లో తూర్పు ఇంగ్లండులోని హాక్స్న్ గ్రామంలో పొలంలో పోయిన సుత్తి కోసం వెతుకుతుంటే ఒక పెద్ద నిధి దొరికింది. వేల నాణేలతోపాటు అందులో మిరియాల పొడి చల్లుకునే వెండి పాత్రలు నాలుగున్నాయి. ఒకటి గొప్పింటి స్త్రీ బొమ్మగా చేసినది. ఆ నిధిని 5వ శతాబ్ది మొదట్లో ఎవరో పాతిపెట్టారు. మంచు కురిసే ఆ సీమలో సిపాయి కూడా మన మిరియం నమిలాడంటే, ఆ సరుకు నడిచిన దారికి ఇవతలి కొసన ఏముందనే ప్రశ్న సహజంగానే పుడుతుంది.

మద్రాసు మ్యూజియంలో ఒక కూజా మెడ

ఆ ప్రశ్నకు పలుగు పారతో జవాబు వెతికినవాడు మోర్టిమర్ వీలర్. ఆయన 1926–27లో వేల్సులోని కేర్లియన్ రోమన్ రంగస్థలాన్ని, 1930 నుంచి 1933 వరకు భార్య టెస్సాతో కలిసి వెరులేమియంను, తరువాత మెయిడెన్ కాజిల్ అనే కొండకోటను తవ్వాడు. పొలాన్ని మడులుగా విడగొట్టి మధ్య గట్లు వదిలినట్టు, తవ్వే స్థలాన్ని చదరాలుగా విడగొట్టి మధ్యలో గట్లు వదలడం ఆయన పద్ధతి. చదరం లోతుకు పోయినకొద్దీ గట్టు పక్కగోడ మీద పొరలన్నీ వరసగా కనబడతాయి. ప్రతి పొరకూ ఒక అంకె. దొరికిన ప్రతి పెంకు మీదా ఆ అంకె. ఏ పెంకు ఏ పొరదో తెలియకపోతే ఆ పెంకు సాక్ష్యానికి పనికిరాదన్నది ఆయన పట్టుదల.

1944లో వీలర్ భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చాడు. వచ్చిన ఏడాదే తక్షశిలలో యువకులకు తవ్వకంలో శిక్షణ ఇచ్చాడు. అప్పటికి దక్షిణాదిలో ప్రాచీన స్థలాలు చాలానే తెలుసు. సమాధులు, స్తూపాలు, పాటిదిబ్బలు అన్నీ తెలుసు. కాలం తెలియదు. ఒక పండితుడు క్రీస్తుకు వెయ్యేళ్ల ముందంటే ఇంకొకడు క్రీస్తు తరువాత అనేవాడు. ఇద్దరిదీ ఊహే. ఉత్తరాది నాణేలు, గ్రీకుల రాతలు అక్కడివారికి కొంత ఆసరా ఇచ్చాయి. దక్షిణాదికి అలాంటి మేకు ఒక్కటీ దిగలేదు.

ఆ సంవత్సరమే వీలర్ మద్రాసు మ్యూజియం చూడడానికి వెళ్లి, అక్కడి అరలో పాండిచ్చేరి దగ్గరినుంచి తెచ్చిన ఒక మట్టి కూజా మెడ, పిడి చూశాడు. అది ఆంఫోరా. మధ్యధరా దేశాలవారు ద్రాక్షసారా, ఆలివ్ నూనె పోసి ఓడల్లో పంపే పొడుగాటి కూజా. బ్రిటన్‌లో అలాంటి ముక్కలు ఎన్నో చేత పట్టినవాడు కాబట్టి చూడగానే గుర్తుపట్టాడు. ఆ స్థలం పేరు అరికమేడు. అప్పుడది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. ఫ్రెంచి విద్వాంసులు అంతకుముందే అక్కడ కొంత పని చేసి ఉన్నారు. 1945లో వీలర్ అక్కడ తవ్వకాలు జరిపించాడు.

అరికమేడులో ఇటలీలోని అరెజ్జో పట్టణంలో తయారైన అర్రెటైన్ గిన్నెల పెంకులు దొరికాయి. కుమ్మరుల ముద్రలతో సహా దొరికాయి. సేమియన్ గిన్నెలకు అన్నలాంటివి ఇవి. యూరపులో వీటి కాలం బాగా తెలుసు. క్రీ.శ. 1వ శతాబ్ది సగం గడిచేసరికి వాటి వాడకం తగ్గిపోయింది. అవి ఉన్న పొర కాలం తెలిసింది కాబట్టి, ఆ పొరలో వాటి పక్కనే ఉన్న మన కుండల కాలమూ తెలిసింది. దక్షిణాదికి కావలసిన మేకు దొరికింది.

వలయాలున్న పళ్లెం

అరికమేడులో దొరికిన వాటిలో ఒక పళ్లెం ఈ కథలో ముఖ్యమైనది. అడుగు చదునుగా ఉంటుంది. అంచు లోపలికి ఒంగి ఉంటుంది. మట్టి మెత్తనిది, గోడ పలుచనిది, రంగు బూడిద లేక నలుపు. లోపలి అడుగున సన్నని చుక్కలు, గీతలు వలయాలుగా ఒకదానిలో ఒకటి తిరిగి ఉంటాయి. పళ్లెం సగం ఆరిన తరువాత మళ్లీ సారె మీద తిప్పుతూ, పళ్ల చక్రమో, సాగే గుణమున్న పల్చని రేకో తాకించినప్పుడు ఇలాంటి వలయాలు పడతాయి. ఇంగ్లీషువారు దీన్ని రౌలెటెడ్ అన్నారు. తెలుగులో మనం వలయాల పళ్లెం అనుకోవచ్చు.

ఇది ఒక్క అరికమేడులోనే దొరికి ఉంటే ఇంత మాట్లాడుకోనక్కరలేదు. వీలర్ 1947లో ఇప్పటి కర్ణాటకలోని బ్రహ్మగిరిని తవ్వాడు. అశోకుని శాసనం ఉన్న ఊరది. అక్కడ శాతవాహనుల కాలపు పొరల్లో ఈ పళ్లెం దొరికింది. దాని కింద పొరల్లో పెద్ద రాళ్ల సమాధుల కాలపు నలుపు ఎరుపు కుండలు ఉన్నాయి. అరికమేడు మేకుకు కట్టిన తాడు ఆ విధంగా లోపలి నేలకు సాగింది. వీలర్ దగ్గర శిక్షణ పొందిన బి.బి. లాల్ 1948లో భువనేశ్వర్ పక్కన శిశుపాల్‌గఢ్ కోటను తవ్వాడు. అక్కడా ఈ పళ్లెం పెంకులు దొరికాయి. వాటితోపాటు రోమన్ నాణేలను అనుకరించి మట్టితో చేసిన బిళ్లలు, ఒక వైపు కుషాణుల తీరు బొమ్మ, రెండో వైపు రోమన్ తల ఉన్న ఒక బంగారు బిళ్ల కూడా దొరికాయి.

అక్కడి నుంచి తాడు మన ఏటి ఒడ్డుకు వస్తుంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి కొద్దిపాటి దూరంలో, దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండ ఉంది. ఆ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో లోకానికి తెలియజేసినవారు మన గిడుగు వెంకట రామమూర్తిగారు. వ్యావహారిక భాష కోసం, సవర భాష కోసం ఆయన చేసిన కృషి అందరికీ తెలుసు. ముఖలింగం శాసనాలు చదవడానికి లిపి తనంతట తాను నేర్చుకున్న మనిషి ఆయన. వంశధార ఒడ్డున పుట్టి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన పంతులుగారికి ఏటి కింది కొండ మీది ఇటుకలు కూడా కంటబడ్డాయంటే ఆశ్చర్యం లేదు. ఆయన దృష్టిలో పాత మాట, పాత ఇటుక ఒకటే జాతివి. రెండూ సామాన్యుల చేతి పని.

ఆ తరువాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్, 1950లలో ఆర్. సుబ్రహ్మణ్యం శాలిహుండంలో పని చేశారు. సుబ్రహ్మణ్యంగారి నివేదికను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో ప్రచురించింది. స్తూపాలు, చైత్యాలు, స్ఫటికపు ధాతు కరండాలు, తరువాతి కాలపు తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. చూడవచ్చినవారు విగ్రహాల దగ్గరే ఆగుతారు. మన కథకు కావలసింది వాటి కింద పొరల్లో ఉంది. వలయాల పళ్లెం ముక్కలు అక్కడ దొరికాయి. బ్రాహ్మీ అక్షరాలు గీసిన కుండ పెంకులు కూడా దొరికాయి. సుమారు క్రీస్తు పూర్వం 2వ శతాబ్దినాటికే కొండ మీద భిక్షువులున్నారు. వారి కింద ఏటి ముఖాన బరువులు ఎక్కించి దించే జనమూ ఉన్నారు. భిక్షువు తిన్న పళ్లెం, అరికమేడు వర్తకుడు తిన్న పళ్లెం ఒకే తీరువి.

ఎవరి చేతి పని

ఇక ఆ పొరపాటు సంగతి. వలయాల పళ్లెం మధ్యధరా దేశాల నుంచి వచ్చినదేనని, తరువాత ఇక్కడివారు దాన్ని చూసి అనుకరించారని వీలర్ అభిప్రాయపడ్డాడు. ఆయన తన నివేదికలో అరికమేడును రోమన్లతో వర్తకం చేసే స్థావరమని పిలిచాడు. ఆయన పేరు పెద్దది. పద్ధతి గట్టిది. అందుచేత చాలాకాలం ఆ మాట చెల్లింది. తూర్పు తీరంలో ఏ ఊళ్లో ఈ పెంకు దొరికినా రోమన్ పెంకు దొరికిందని రాయడం అలవాటయింది. మంచి పళ్లెం కనబడితే అది పైనుంచి వచ్చినదే అయి ఉంటుందన్న నమ్మకం ఆ రాతల వెనక ఉంది.

1980లలో విమలా బెగ్లీ ఈ నమ్మకాన్ని మళ్లీ పరీక్షకు పెట్టింది. ఆమె వాదం సూటిగా ఉంటుంది. వలయాలు వేసే పని పడమటి నుంచి నేర్చినదై ఉండవచ్చు. కానీ పళ్లెం ఆకారం, మట్టి, కాల్చిన తీరు ఈ దేశానివి. పైగా కొన్ని చోట్ల ఈ పళ్లెం రోమన్ సరుకు రాకముందు పొరల్లోనే మొదలవుతున్నది. కొడుకు తండ్రికంటే ముందు పుట్టడు గదా. ఆమె 1989 నుంచి 1992 వరకు అరికమేడులో మళ్లీ తవ్వకాలు జరిపింది. వీలర్ అనుకున్నదానికంటే ఆ ఊరు ముందే పుట్టిందని, రోమన్ వర్తకం సన్నగిల్లాక కూడా బతికిందని తేలింది. అది రోమన్లు కట్టిన ఊరు కాదు. రోమన్ సరుకు కూడా కొన్న మన ఊరు.

తరువాత పెంకులను ప్రయోగశాలకు పంపారు. 1997లో విష్ణు గోగ్టే ఎక్స్‌రేల సాయంతో వాటి మట్టిలోని ఖనిజాలను పరీక్షించి, ఈ రకం పళ్లేలకు మూలం బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్, తామ్రలిప్తి ప్రాంతపు మట్టి అని ప్రతిపాదించాడు. తరువాత జరిగిన ఇతర పరీక్షలు కూడా దూరదూరాన దొరికిన మేలురకం పెంకులకు ఒకే రకం మట్టి ఉందని చెప్పాయి. సరిగ్గా ఏ ఊరి మట్టి అన్నదాని మీద చర్చ ఉండవచ్చు. సముద్రం అవతలి మట్టి మాత్రం కాదు. ఇదే పళ్లెం సింహళంలోని అనురాధపురంలో, బాలి ద్వీపంలోని సెంబిరాన్‌లో, ఎర్రసముద్రం ఒడ్డున ఈజిప్టులోని బెరెనికేలో కూడా దొరికింది. రోమన్ పళ్లెం మన దేశానికి వచ్చిందని మనం చదువుకుంటున్న రోజుల్లోనే, నేలలో ఉన్న పెంకులు మన పళ్లెం రోమన్ రేవుకు వెళ్లిందని చెబుతున్నాయి.

దీనివల్ల వీలర్ చేసిన పని చిన్నదైపోదు. ఆయన ప్రతి పెంకునూ పొర అంకెతో భద్రపరిచాడు గనకనే నలభై ఏళ్ల తరువాత వచ్చినవారు ఆ పెంకులతోనే ఆయన అభిప్రాయాన్ని దిద్దగలిగారు. పద్ధతి సరిగ్గా ఉంటే అభిప్రాయం తప్పినా నష్టం లేదు. ఊహను మాత్రమే మిగిల్చి ఆధారాన్ని పారేసి ఉంటే దిద్దుకునే దారి ఉండేది కాదు.

కొండసరుకు, ఏటిదారి

తీరంలో దొరికిన పెంకులతో కొండల నడుమనున్న మనకేమిటి సంబంధం అని అడగవచ్చు. రేవు తనంతట తాను బతకదు. 1వ శతాబ్దిలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్‌లో మసాలియా సీమ సన్నబట్టల గురించి, దాని తరువాత వచ్చే దొసరేనే సీమ ఏనుగు దంతం గురించి ఉంది. మసాలియా కృష్ణా ముఖద్వారం. దొసరేనేను చరిత్రకారులు కళింగ, ఉత్కళ తీరంలో చూస్తారు. కౌటిల్యుడు కూడా కళింగ ఏనుగులను మేలైనవాటిలో చేర్చాడు. ఏనుగు ఇసుక దిబ్బల మీద తిరిగే జంతువు కాదు. దంతం కొండల నుంచి రావాలి. కొండల నుంచి రేవుకు రావాలంటే ఏటి లోయే దారి. నియమగిరి వైపు కొండల్లో పుట్టి, గుణుపురం, కాశీనగరం, హిరమండలం మీదుగా కళింగపట్నానికి పోయే వంశధార అలాంటి దారి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలును 1931లో గుణుపురం దాకా పొడిగించినప్పుడు కూడా ఇంజనీర్లు నమ్ముకున్నది ఈ లోయనే.

2వ శతాబ్దిలో టాలమీ తన భూగోళ గ్రంథంలో పలూరా అనే ఊరిని పేర్కొన్నాడు. తూర్పు దీవులకు పోయే ఓడలు తీరం వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు ఆ దగ్గరలోనే ఉందన్నాడు. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ 1925లో దీన్ని బౌద్ధ గ్రంథాల్లోని దంతపురంతో కలిపి చూశాడు. ద్రావిడ భాషల్లో పల్ అంటే పన్ను, ఊర్ అంటే ఊరు. పల్లూరు, దంతపురం ఒకే పేరుకు రెండు భాషల రూపాలని ఆయన వాదం. గంజాం తీరంలోని పాలూరే ఆ ఊరని కొందరు, వంశధార ఒడ్డున మట్టికోట ఉన్న దంతవరపుకోటే దంతపురమని కొందరు అంటారు. ఏది నిజమైనా, ఒక ఊరిని ఒకే కాలంలో రెండు భాషలవారు తమ తమ మాటలతో పిలుచుకున్నారన్నది ఆ వాదంలోని సారం. మన ప్రాంతంలో ఇది వింత కాదు. ఇవాళ్టికీ ఒక్క సంతలో ఒక్క వస్తువుకు తెలుగులో ఒక పేరు, ఒడియాలో ఒక పేరు, సవరలో ఒక పేరు వినబడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాత కోరాపుట్ జిల్లా గుమడాలో, మయూర్‌భంజ్‌లోని బామన్‌ఘాటీలో రోమన్ బంగారు నాణేలు దొరికిన మాట నిజం. తెలుగునాట నాగార్జునకొండ, కొండాపురం, అక్కన్‌పల్లి వంటి చోట్ల కూడా రోమన్ నాణేలు దొరికాయి. వీటిని చూపి మన ఊళ్లలో రోమన్లు కాపురమున్నారని రాసేవారున్నారు. నాణెం చేతులు మారుతూ వెయ్యి మైళ్లు పోతుంది. బంగారం ఏ రాజు బొమ్మ ఉన్నా బంగారమే. బ్రిటన్‌లో రోమన్లు కాపురమున్నారని చెప్పడానికి నాణెం ఒక్కటే ఆధారం కాదు. వారి వంటగది, స్నానశాల, శ్మశానం, విండోలాండాలో చెప్పుల జతలతో సహా దొరికాయి. మన దగ్గర దొరికింది వర్తకం జాడ. మన గొప్ప రోమన్లు వచ్చారన్నదాంట్లో లేదు. ఇక్కడి కుమ్మరి, దంతం మోసిన కొండవాడు, ఓడ నడిపిన పల్లెవాడు కలిసి వారిని రప్పించుకోగలిగారన్నదాంట్లో ఉంది.

పెంకుకు సరిహద్దు లేదు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు వంశధార రెండు రాష్ట్రాల ఏరయింది. పర్లాకిమిడిని అందులో చేర్చడం సహించలేక గిడుగువారు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ బాధ మనకు తెలియనిది కాదు. ఆనాటి నుంచి చరిత్ర కూడా రెండు ముక్కలైంది. శాలిహుండం ఆంధ్ర పుస్తకాల్లోకి, శిశుపాల్‌గఢ్ ఒడిశా పుస్తకాల్లోకి పోయాయి. నడుమనున్న మనం రెండు పుస్తకాల్లోనూ అట్ట దగ్గరి ఖాళీ కాగితంలా మిగిలాం. కళింగం మాదంటే మాదని అటూ ఇటూ వాదులాడుకునేవారికి శాలిహుండం పెంకు ఒక జవాబు చెబుతుంది. దాని మీద గీసిన అక్షరాలు బ్రాహ్మీ, భాష ప్రాకృతం. ఇవాళ్టి తెలుగు రాత గానీ, ఒడియా రాత గానీ అప్పటికి పుట్టలేదు. అదే తీరు పళ్లెం ఏటికి దిగువనా, భువనేశ్వర్ పక్కనా దొరుకుతున్నది. అల్పసంఖ్యాక భాషవారంగా మనం ఈ నేల మీద కొత్తగా వచ్చినవారమా, పాతవారమా అని ఎవరైనా అడిగితే పురాణాలు వల్లించనక్కరలేదు. ఈ లోయలో జనాలు, భాషలు కలిసి బతకడం రాష్ట్రాల కంటే పాతదని చెబితే చాలు.

కానీ ఆ మాట చెప్పడానికి సాక్ష్యం నిలవాలి. పాటిమన్ను పొలానికి మంచి ఎరువని రైతులకు తరతరాలుగా తెలుసు. పాత ఊరి దిబ్బను బళ్లతో తోలి మళ్లలో చల్లడం తప్పని ఎవరూ అనుకోరు. బండి పోయి ట్రాక్టరు, దాని వెనక పొక్లెయిను వచ్చాయి. ఒకప్పుడు వందేళ్లలో తరిగే దిబ్బ ఇప్పుడు ఒక వేసవిలో మాయమవుతుంది. మేడల కోసం ఏటి ఇసుక తోడుతున్నాం. దిగువన హిరమండలం జలాశయం కింద ఊళ్లే మునిగాయి. అవసరాలు నిజమైనవే. రైతును, ఇల్లు కట్టుకునేవాడిని నిందించి లాభం లేదు. దిబ్బను తోలేముందు ఒక్కరోజు ఆగి చూసే అలవాటు మాత్రం మనకు కావాలి.

బ్రిటన్‌లో ఈ అలవాటు చట్టంగా మారింది. అక్కడ 1990 నుంచి కొత్త కట్టడం కట్టేవారు నేల కింద ఏముందో పరీక్ష చేయించే ఖర్చు తామే పెట్టుకోవలసి వస్తున్నది. 1996 చట్టం ప్రకారం నిధి కనుగొన్నవాడు పద్నాలుగు రోజుల్లోగా తెలియజేయాలి. మ్యూజియం దాన్ని తీసుకుంటే అతనికి వెల ముట్టుతుంది. చిన్న చిన్న వస్తువులు దొరికినవారు కూడా తమంతట తామే తెచ్చి చూపించి నమోదు చేయించుకునే ఏర్పాటు 1997లో మొదలైంది. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలని అది చెబుతుంది. చిల్లపెంకుకు పది రూపాయల విలువ ఎవరూ కట్టరు. కనుక దాన్ని కాపాడే పని చట్టం మీద వదలలేం.

ఆ పని ఊళ్లో చదువుకున్నవారిది, ముఖ్యంగా ఉపాధ్యాయులది. ఎక్కడైనా బావి తవ్వినా, పునాది తీసినా, దిబ్బ తోలినా పెంకులు కనబడితే ఏ చోట, ఎంత లోతున, ఏ రంగు మట్టిలో కనబడ్డాయో ఒక కాగితం మీద రాసి తేదీ వేయాలి. కుదిరితే ఫొటో తీయాలి. స్వంతంగా గునపం పట్టకూడదు. పొర కదిలితే మళ్లీ అతకదు. దొరికిన సంగతి రాష్ట్ర పురావస్తు శాఖకు రాయాలి. లోపలి అడుగున చుక్కల వలయాలున్న బూడిదరంగు పలుచని పెంకు మన ఏటి ఎగువన ఒక్కటి దొరికి, దాని చోటు సరిగ్గా నమోదైతే, తీరం నుంచి కొండల దాకా సాగిన దారి మనం ఊహించింది కాదని రుజువవుతుంది.

సవర మాటలను గిడుగువారు ఊరూరా తిరిగి కాగితం మీద పెట్టకపోతే వాటిలో ఎన్ని మనదాకా వచ్చేవో చెప్పలేం. ఆయనకు కావలసింది పలక, బలపం, వినే ఓపిక. పెంకులకు కావలసింది కూడా అంతకంటే ఎక్కువ కాదు.